పిస్టల్ పెట్టుకునేవాళ్లు ప్రైమరీ ఎన్నికకి వెళ్లాలి
(డాలస్ శివారులో తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. ఆదివారం మధ్యాహ్నం పిల్లల క్లాసులు, క్రికెట్ మ్యాచ్‌లు పక్కన పెట్టి ఇంతమంది వచ్చారంటే, ఈ విషయం మీ ఇళ్లలో ఇప్పటికే చర్చకు వచ్చిందన్నమాట. నాకు టెక్సస్ హ్యాండ్‌గన్ లైసెన్స్ ఉంది. బయటికి వెళ్లేటప్పుడు పిస్టల్ నా దగ్గరే ఉంటుంది. ఇవాళ మాత్రం ఇంట్లో సేఫ్‌లో పెట్టి తాళం వేసి వచ్చాను. ఈ హాలు స్కూలు భవనంలో ఉంది. స్కూలు భవనంలోకి తుపాకీ తేవడం ఈ రాష్ట్రంలో నేరం, లైసెన్స్ ఉన్నా సరే.

నా మాట ముందే చెప్పేస్తాను. ఆయుధం పెట్టుకునే హక్కును నేను నమ్ముతాను. ఆ హక్కు వాడుకునేవాళ్లకి దాని చట్టం అందరికన్నా బాగా తెలిసి ఉండాలని, దాన్ని రాసేవాళ్లని ఎన్నుకునే రోజున వాళ్లు ఇంట్లో కూర్చోకూడదని అంతకన్నా గట్టిగా నమ్ముతాను. మనవాళ్లలో చాలామంది మొదటి పని చేసి, రెండోది వదిలేస్తున్నారు. నా బాధ అదే.

మనం పెరిగిన చోట తుపాకీ హక్కు కాదు. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్స్ ఇవ్వడం, మానడం అధికారుల చేతిలో పని. ఎన్నికల షెడ్యూలు వచ్చిందంటే లైసెన్స్ తుపాకులు పోలీస్ స్టేషన్‌లో డిపాజిట్ చేయమని నోటీసులు వస్తాయి. కడప, కర్నూలు వైపు వాళ్లకి నేను చెప్పక్కర్లేదు, చిన్నప్పటినుంచీ చూసినదే. ఓటుకీ తుపాకీకీ మధ్య దూరం ఉంచాలన్న ఆలోచన మన రక్తంలో ఉంది. ఇక్కడా ఉంది. టెక్సస్‌లో పోలింగ్ రోజునా, ముందస్తు ఓటింగ్ జరిగే రోజుల్లోనూ పోలింగ్ కేంద్రంలోకి తుపాకీతో వెళ్లకూడదు. అదే సమయంలో ఆ కేంద్రంలో ఓటరు గుర్తింపు కార్డుగా చూపించడానికి ఇదే హ్యాండ్‌గన్ లైసెన్స్ పనికొస్తుంది. కార్డు జేబులో, పిస్టల్ బయట. యూనివర్సిటీ విద్యార్థి ఐడీ మాత్రం పనికిరాదు, పిల్లలకి చెప్పండి.

ఇక్కడ హక్కు రాజ్యాంగంలోనే ఉంది. రెండో సవరణ 1791 నాటిది. దానర్థం ఏమిటన్న తగాదా మాత్రం చాలాకాలం నడిచింది. అది పౌరసైన్యం కోసమా, ఒక్కో మనిషికీ ఉన్న హక్కా? 2008లో హెల్లర్ కేసులో సుప్రీంకోర్టు 5-4 తేడాతో తేల్చింది, ఇంట్లో ఆత్మరక్షణకి పిస్టల్ ఉంచుకోవడం వ్యక్తి హక్కేనని. ఆ తీర్పు రాసిన జస్టిస్ స్కాలియాయే, ఈ హక్కు హద్దులు లేనిది కాదని కూడా అదే తీర్పులో రాశారు. మనవాళ్లు మొదటి సగం చెప్పి రెండో సగం మింగేస్తారు. 2010లో మెక్‌డొనాల్డ్ కేసుతో అది రాష్ట్రాలకీ, నగరాలకీ వర్తించింది. 2022లో బ్రూయెన్ కేసుతో ఇల్లు దాటి వీధిలోకి వచ్చింది. న్యూయార్క్‌లో బయట పిస్టల్ పెట్టుకోవాలంటే ప్రత్యేక కారణం చూపించాల్సి ఉండేది, ఆ నిబంధన కొట్టేశారు. రెండేళ్లకి, 2024లో, రహిమీ కేసు వచ్చింది. అది మన పక్క ఊరిదే, ఆర్లింగ్టన్ మనిషి. గృహహింస కేసులో కోర్టు నిషేధ ఉత్తర్వు ఉన్నవాడి దగ్గర తుపాకీ ఉండకూడదన్న ఫెడరల్ చట్టాన్ని 8-1 తేడాతో నిలబెట్టారు. హక్కు అంటే ప్రాణం పెట్టే నాకు ఆ తీర్పు నచ్చింది. భార్య తల మీద తుపాకీ పెట్టేవాడి కోసం ఈ హక్కు పుట్టలేదు.

ఇప్పుడు మన ఇళ్లకి బాగా దగ్గరి సంగతి. ఈ హాల్లో సిటిజన్లు ఉన్నారు, గ్రీన్ కార్డులు ఉన్నాయి, హెచ్‌1బీ, హెచ్‌4 వీసాల వాళ్లున్నారు, ఎఫ్1 పిల్లలున్నారు, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలున్నారు. చట్టం మీ అందరినీ ఒకేలా చూడదు. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు తుపాకీ కొనుక్కోవచ్చు. హెచ్‌1, హెచ్‌4, ఎఫ్1, బీ2 విజిటర్ వీసా మీద ఉన్నవాళ్లకి ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీయే కాదు, ఒక్క తూటా కూడా దగ్గర ఉండకూడదు. వేట లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి, కానీ అవి మీకు వర్తిస్తాయో లేదో లాయరును అడిగి తెలుసుకోండి, వాట్సాప్ గ్రూపులో కాదు.

ఎక్కడ పొరపాటు జరుగుతుందో చూడండి. నాన్నగారు ఊరినుంచి వస్తారు. సరదాగా షూటింగ్ రేంజ్‌కి తీసుకెళ్తాం. ఆయన చేతిలో పిస్టల్ పెట్టి, నాలుగు రౌండ్లు కాల్పించి, ఫొటో తీసి ఫేస్‌బుక్‌లో పెడతాం. మినహాయింపు లేకపోతే ఆ ఫొటోలో ఉన్నది ఫెడరల్ నేరం. చేతిలో ఉన్నది అద్దె తుపాకీ అయినా అంతే. గ్రీన్ కార్డు వాళ్లు కూడా గుర్తుంచుకోండి. ఇమిగ్రేషన్ చట్టంలో తుపాకీ నేరం దేశం నుంచి పంపించేయడానికి విడిగా ఒక కారణం. సిటిజన్ జరిమానాతో బయటపడే కేసులో మీరు ఇల్లూ ఉద్యోగమూ వదిలి విమానం ఎక్కాల్సి రావచ్చు. కొనేటప్పుడు నింపే 4473 ఫారంలో వీసా ప్రశ్నలు ఉంటాయి. అక్కడ అబద్ధం రాస్తే అది ఇంకో నేరం.

సరే, కొన్నారు. 2021 సెప్టెంబరు నుంచి టెక్సస్‌లో 21 ఏళ్లు నిండి, వేరే నిషేధాలేవీ లేనివాళ్లు లైసెన్స్ లేకుండానే పిస్టల్ పెట్టుకుని తిరగొచ్చు. దాంతో మన కుర్రాళ్లు, అన్నా, ఇంక క్లాసెందుకు అంటున్నారు. నేను మాత్రం లైసెన్స్ తీసుకోమనే చెప్తాను. మొదటి కారణం చట్టమే. ఫెడరల్ చట్టం ప్రకారం స్కూలుకి వెయ్యి అడుగుల లోపు లోడ్ చేసిన తుపాకీతో ఉండకూడదు, రాష్ట్రం ఇచ్చిన లైసెన్స్ ఉంటే తప్ప. రోజూ పొద్దున పిల్లల్ని దింపడానికి కార్ల లైన్లో నిలబడతారు కదా, లైసెన్స్ లేకుండా నడుముకి పిస్టల్ ఉంటే అక్కడే చట్టం దాటేశారు. రెండో కారణం ఆ క్లాసే. కొన్ని గంటల పాఠం, రాత పరీక్ష, ఆపైన మూడు, ఏడు, పదిహేను గజాల దూరాల నుంచి మొత్తం యాభై రౌండ్లు కాల్చి చూపించాలి. నన్నడిగితే అది చాలదు. కానీ ఆ కాస్త కూడా లేకుండా వీధిలోకి రావడం, పక్కవాడి ప్రాణం మీద మన ధీమా కదా.

2024లో జార్జియాలో చదువుకుంటున్న మన తెలంగాణ కుర్రాడొకడు తన గన్ శుభ్రం చేసుకుంటుండగా పేలి చనిపోయాడు. ఆ కుటుంబం గురించి నేనేమీ అనను. ఇలాంటి ప్రమాదాలు ఎలా జరుగుతాయో మాత్రం చెప్తాను, ఎందుకంటే ఇది వీడియోలు చూస్తే ఒంటబట్టే విషయం కాదు. తూటాలుండే మ్యాగజైన్ బయటికి తీస్తాం. ఇంక ఖాళీ అయిపోయిందనుకుంటాం. కానీ ఛాంబర్‌లో, అంటే తూటా పేలే చోట, ఒక తూటా ఉండిపోతుంది. కొన్ని రకాల పిస్టళ్లు విడదీయాలంటే ముందు ట్రిగ్గర్ నొక్కాలి. ఆ నొక్కడంతో పేలుతుంది. అందుకని మ్యాగజైన్ తీసి, స్లైడ్ వెనక్కి లాగి, ఛాంబర్ కంటితో చూసి, వేలితో తడిమి, మళ్లీ ఇంకోసారి చూడాలి. మీరు శుభ్రం చేసే గదిలో తూటాలే ఉండకూడదు. నేను మా రేంజ్‌లో కొత్తగా వచ్చినవాళ్లతో దీన్ని విసుగొచ్చేదాకా చేయిస్తాను.

ఇప్పుడు మన పార్టీల సంగతి. గృహప్రవేశానికో, పుట్టినరోజుకో వెళ్తాం. ఆడవాళ్ల హ్యాండ్‌బ్యాగులన్నీ పడకగదిలో మంచం మీద కుప్పగా పడేస్తాం. పెద్దవాళ్లు కింద భోజనాలు చేస్తుంటే, పిల్లలు పైన అదే మంచం మీద దూకుతుంటారు, బ్యాగుల్లో చాక్లెట్లకోసం, ఫోన్లకోసం వెతుకుతుంటారు. ఇప్పుడు మన అక్కచెల్లెళ్లలో కూడా పిస్టల్ పెట్టుకునేవాళ్లున్నారు, సంతోషం. కానీ అది హ్యాండ్‌బ్యాగులో ఉంటే, ఆ మంచం మీద ఏముందో ఒకసారి ఊహించండి. పిస్టల్ ఒంటి మీదైనా ఉండాలి, తాళంలోనైనా ఉండాలి. మూడో చోటు లేదు. టెక్సస్‌లో 17 ఏళ్లలోపు పిల్లలకి లోడ్ చేసిన తుపాకీ అందేలా వదిలేయడమే నేరం. పిల్లాడి చేతిలో అది పేలి ఎవరికైనా ఏమైనా అయితే శిక్ష ఇంకా పెరుగుతుంది.

గుడికి వెళ్లేటప్పుడు కూడా ముందే ఆలోచించుకోండి. గుడి వాళ్లు 30.06 బోర్డు, అంటే దాచిన పిస్టల్‌తో లోపలికి రావద్దని చెప్పే బోర్డు, పెట్టారా చూడండి, పెడితే లోపలికి తీసుకెళ్లకూడదు. అప్పుడు చాలామంది ఏం చేస్తారు? కారు డాష్‌బోర్డులో పడేసి వెళ్తారు. దొంగలకి కూడా ఆ సంగతి తెలుసు. కారులో సీటు కింద ఇనుప కేబుల్‌తో బిగించిన చిన్న సేఫ్ కొనండి, లేదా ఆరోజు ఇంట్లోనే వదిలి రండి. విమానాశ్రయం సంగతి మరీ ఘోరం. 2023లో దేశం మొత్తం మీద చెక్‌పాయింట్ల దగ్గర ఆరు వేల ఏడు వందలకి పైగా తుపాకులు పట్టుకున్నారు. వాళ్లలో ఎక్కువమంది చెప్పేది ఒకటే, బ్యాగులో ఉన్నట్టు మర్చిపోయామని. ఒంటి మీద ఆయుధం ఉన్న సంగతి మర్చిపోయేవాళ్లు అసలు పెట్టుకోకూడదు.

రాష్ట్రం దాటితే చట్టం మారిపోతుంది. సరిగ్గా ఇక్కడే మనవాళ్లు బోల్తా పడతారు. 2024 నాటికి 29 రాష్ట్రాల్లో లైసెన్స్ లేకుండా పెట్టుకోవచ్చు. కానీ బంధువులు ఎక్కువున్న న్యూజెర్సీ, ఇల్లినాయ్, కాలిఫోర్నియాలు మన టెక్సస్ లైసెన్సును గుర్తించవు. న్యూజెర్సీ ఎడిసన్‌లో పెళ్లికి కారులో వెళ్తూ దాన్ని నడుముకి పెట్టుకున్నారో, మీరు అక్కడ నేరస్థులే.

పోలీసు ఆపితే ఏం చేయాలో చెప్తాను. కారు పక్కకి ఆపండి, లోపల లైటు వేయండి, అద్దం దించండి, రెండు చేతులూ స్టీరింగు మీద కనపడేలా పెట్టండి. ఆఫీసర్ వచ్చాక, అడక్కుండా దేనికోసమూ చెయ్యి చాపకండి. గుర్తింపు అడిగినప్పుడు పిస్టల్ దగ్గరుంటే, డ్రైవింగ్ లైసెన్స్‌తోపాటు హ్యాండ్‌గన్ లైసెన్స్ కూడా చూపించాలని చట్టం. లైసెన్స్ ఉంది, పిస్టల్ కుడి నడుము దగ్గరుంది, పర్సు తీయమంటారా అని నోటితో ముందు చెప్పి, ఆయన సరేనన్నాక కదలండి. మనవాళ్లకి కంగారులో కారు దిగి ఎదురెళ్లే అలవాటు ఉంది. ఇండియాలో అది మర్యాద, ఇక్కడ ప్రమాదం.

ఇంక కోపం గురించి. 2017 ఫిబ్రవరిలో కాన్సస్‌లో, ఒలాతేలో మన తెలుగు ఇంజినీరును బార్‌లో కాల్చి చంపారు, నా దేశం విడిచి వెళ్లమని అరుస్తూ. 2023 మేలో ఇక్కడే అలెన్ మాల్‌లో ఎనిమిదిమంది పోయారు, వాళ్లలో మన అమ్మాయి ఉంది. ఆ వారమంతా నా ఫోన్ మోగుతూనే ఉంది, అన్నా ఏ గన్ కొనమంటావని. ఆ భయం నాకు అర్థమవుతుంది, నాకూ ఉంది. కానీ అక్కడ మన దగ్గర పిస్టల్ ఉంటే ఇలా అయ్యేది కాదని నేను చెప్పను, అలా చెప్పే హక్కు ఎవరికీ లేదు. అలెన్‌లో ఆ దుండగుణ్ణి ఆపింది వేరే పనిమీద అక్కడికి వచ్చిన పోలీసు అధికారి, శిక్షణ ఉన్న మనిషి. నేను చెప్పగలిగింది ఒకటే. టెక్సస్ చట్టంలో ఎదుటివాడి మాట ఒక్కటే మీరు చెయ్యి చేసుకోవడానికి కారణం కాదు. ఎంత నీచంగా తిట్టినా, మన దేశం పేరెత్తినా సరే. ప్రాణానికి అప్పటికప్పుడు ముప్పు ఉందని ఎవరైనా ఒప్పుకునేలా ఉంటేనే ప్రాణాంతక బలం వాడగలరు. పార్కింగ్ లాట్‌లో ఎవడో తిడితే పిస్టల్ లేనివాడు ఒక మాట ఎదురు అనొచ్చు. ఉన్నవాడు కారెక్కి వెళ్లిపోవాలి. అలా వెళ్లిపోవడం మీ వల్ల కాదనుకుంటే లైసెన్సు కోసం అప్లై చేయకండి.

ఒకటి చెప్పకుండా ముందుకి వెళ్లలేను. 2023లో ఈ దేశంలో తుపాకీతో పోయినవాళ్లు సుమారు 47 వేలు. వాళ్లలో సగానికి పైగా ఆత్మహత్యలు. దొంగ వస్తాడని కొన్న తుపాకీ ఇంట్లో మనిషినే తీసుకుపోతోంది. ర్యాంకుల ఒత్తిడిలో ఉన్న పదహారేళ్ల పిల్లలున్న ఇళ్లు ఇవి, లేఆఫ్ వచ్చి వీసా గడువు లెక్కపెట్టుకుంటున్న మగవాళ్లున్న ఇళ్లు ఇవి. సేఫ్ కోడ్ పుట్టినతేదీ పెట్టకండి, పిల్లలకి తెలిసిపోతుంది. ఇంట్లో ఎవరైనా దిగులుగా ఉన్నారనిపిస్తే తుపాకీ కొన్నాళ్లు ఇంట్లో లేకుండా చూడండి. ఆత్మహత్య నివారణ హెల్ప్‌లైన్ 988 నంబరుకి ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు. సిగ్గుపడాల్సిన పనేమీ లేదు.

ఇంక ఓటు. నేను ఎవరికి వేస్తానో చెప్పను, మీరు ఎవరికి వేయాలో అంతకన్నా చెప్పను. ఒక బిల్లు కథ చెప్తాను.

2022 మే 24న మన టెక్సస్‌లోనే యువాల్డీ అనే ఊళ్లో, స్కూల్లో 19 మంది పిల్లల్ని, ఇద్దరు టీచర్లని చంపినవాడు 18 నిండగానే రైఫిల్ కొన్నాడు, చట్టబద్ధంగా. కొన్ని రకాల సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లు కొనే వయసు 21కి పెంచాలని టెక్సస్ శాసనసభలోని దిగువ సభ, హౌస్‌లో 2744 నంబరు బిల్లు వచ్చింది. అలెన్ కాల్పులు జరిగిన రెండు రోజులకి, 2023 మే 8న, కమిటీ దాన్ని 8-5తో ముందుకి పంపింది. ఇద్దరు రిపబ్లికన్లు కూడా సరేనన్నారు. ఆ తర్వాత ఏమైంది? సభలో చర్చకి తేదీ వేయలేదు. గడువు దాటిపోయింది. బిల్లు పోయింది. 150 మంది సభ్యుల్లో మన ప్రతినిధి అవునంటాడో కాదంటాడో మనకి రికార్డులో లేకుండా పోయింది.

ఆ బిల్లు మంచిదా కాదా అన్నది వేరే మాట. 18 ఏళ్లకి సైన్యంలోకి తీసుకుని, రైఫిల్ కొనొద్దనడం న్యాయమా అని అడిగే స్నేహితులు నాకున్నారు, అది తీసిపారేసే ప్రశ్న కాదు. 21 చేయడంలో తప్పులేదని నేననుకుంటాను. కానీ ఏ వైపు వాళ్లమైనా, చర్చే లేకుండా తేలిపోవడం మనకి నష్టమే. వాషింగ్టన్ రాష్ట్రంలో సియాటిల్, బెల్‌వ్యూ వైపు ఉన్న మనవాళ్లు ఇదే ప్రశ్న మీద నేరుగా ఓటు వేశారు. 2018లో 1639 ఇనిషియేటివ్ నెగ్గి, అక్కడ సెమీ ఆటోమేటిక్ రైఫిల్ కొనే వయసు 21 అయింది. టెక్సస్‌లో జనం సంతకాలతో చట్టాన్ని బ్యాలెట్ మీదికి తెచ్చే పద్ధతే లేదు. మనకున్నది ప్రతినిధి ఒక్కడే.

ఆ ప్రతినిధి ఎక్కడ తేలుతున్నాడు? నవంబర్లో కాదు, పార్టీ అభ్యర్థిని ఓటర్లే ఎంచుకునే ప్రైమరీ ఎన్నికలో. కమిటీలో సరేనన్న ఆ ఇద్దరు రిపబ్లికన్లలో ఒకరు మన రాక్‌వాల్ సభ్యుడు జస్టిన్ హాలండ్. 2024 ప్రైమరీ రెండో విడతలో, అంటే రనాఫ్‌లో, ఓడిపోయారు. ఒక్క ఆ ఓటువల్లే అనలేం, రాష్ట్ర అటార్నీ జనరల్ ప్యాక్స్‌టన్ అభిశంసన, ప్రైవేటు స్కూలు ఫీజుకి ప్రభుత్వ డబ్బిచ్చే వౌచర్ల గొడవ కూడా ఉన్నాయి. అదే రోజు, మే 28న, యువాల్డీకి అప్పట్లో కాంగ్రెస్ సభ్యుడైన టోనీ గొంజాలెస్ ఐదు వందలకన్నా తక్కువ ఓట్లతో గట్టెక్కారు. 2022లో రెండు పార్టీలూ కలిసి తెచ్చిన తుపాకీ భద్రత చట్టానికి ఓటేశాడని సొంత పార్టీయే ఆయన్ని మందలించింది. ఎదురు నిలబడింది తుపాకుల వీడియోలతో పేరుతెచ్చుకున్న యూట్యూబర్. ఐదు వందల ఓట్లంటే ఒక పెద్ద సబ్‌డివిజన్‌లో మన తెలుగువాళ్ల ఓట్లు. ఆ రోజు మెమోరియల్ డే సెలవు మర్నాడు. ఎంతమంది ఊళ్లోనే లేరో మీకే తెలుసు.

టెక్సస్‌లో పార్టీ పేరుతో నమోదు చేసుకోనక్కర్లేదు. మార్చి ప్రైమరీకి వెళ్లి ఏ పార్టీ బ్యాలెట్ కావాలో అక్కడే అడగొచ్చు. ఓటరు నమోదు ఎన్నికకి 30 రోజుల ముందే అయిపోవాలి. బ్యాలెట్ కిందిదాకా చదవండి. మీరు ఆత్మరక్షణ అని చెప్పిన కేసును అభియోగం మోపే గ్రాండ్ జ్యూరీకి తీసుకెళ్లాలో లేదో చూసే డిస్ట్రిక్ట్ అటార్నీ, కౌంటీ షెరీఫ్, రేపు మీ కేసు వినే జడ్జి, అందరూ అక్కడే ఉంటారు. ఆ పేర్ల దాకా రాకుండానే మనవాళ్లు బయటికి వచ్చేస్తారు.

ప్రశ్నలుంటే అడగండి.

(వెనక వరుసలో ఒక పెద్దావిడ: బాబూ, మా అబ్బాయి కొన్నాడు. మేము ఆరునెలలు వాళ్లింట్లోనే ఉంటాం. అడిగితే ఏమనుకుంటాడో అని ఊరుకున్నాను.)

అడగండమ్మా. ఎక్కడ పెట్టావు, తాళం ఉందా అని ఇవాళ రాత్రే అడగండి. సేఫ్ కోడ్ మాత్రం మీరు తెలుసుకోకండి, మీరున్నది విజిటర్ వీసా మీద, ఆ తుపాకీ మీ చేతికి అందకుండా ఉండటమే మీకు క్షేమం. బాబు చెప్పడానికి చిరాకుపడితే నా నంబరు ఇవ్వండి.

(ఒక యువకుడు: అన్నా, నాది గ్రీన్ కార్డు. గన్ ఉంది, ఓటు లేదు. మరి నేనేం చేయాలి?)

ముందు, పొరపాటున కూడా ఓటరుగా నమోదు కావద్దు తమ్ముడూ. డ్రైవింగ్ లైసెన్స్ కౌంటర్లో అడిగితే కాదని స్పష్టంగా చెప్పు. రేపు పౌరసత్వం ఫారంలో ఎప్పుడైనా నమోదు చేసుకున్నావా, ఓటేశావా అని అడుగుతారు. కానీ నోరు మూసుకుని కూర్చోనక్కర్లేదు. నువ్వున్న నియోజకవర్గం ప్రతినిధికి ఉత్తరం రాయొచ్చు. రాష్ట్ర రాజధాని ఆస్టిన్‌లో కమిటీ విచారణ పెట్టినప్పుడు వెళ్లి బిల్లు మీద మాట్లాడొచ్చు, దానికి ఓటరై ఉండాలన్న షరతు లేదు. సభ రెండేళ్లకోసారి 140 రోజులు కూర్చుంటుంది, మళ్లీ 2027 జనవరిలో మొదలు. బిల్లులు కమిటీలకి రావడం మొదలయ్యాక ఒకరోజు చూసుకుని కారులో వెళ్దాం. వచ్చేవాళ్లు వెళ్లేముందు ఈ టేబుల్ దగ్గర పేరు రాసి వెళ్లండి.